తప్పులు మాట్లాడే మేడమ్

ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎవరైనా సరిగ్గా మాట్లాడటం నేర్చుకుంటారు. నేను తప్పుగా మాట్లాడటం నేర్చుకున్నాను. అదీ కావాలని, పనిగట్టుకుని, ఒక పిల్ల కోసం. బళ్ళల్లో, హాస్టళ్ళలో కొత్తగా చేరిన మీలాంటి వాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ కాలంలో ఇలాంటి పిల్లల్ని ఎలా చూసుకునేవాళ్ళండీ?" అని అడుగుతుంటారు. మీకు ట్రైనింగులున్నాయి, ప్రతి తీరుకీ ఒక పేరుంది. మా దగ్గర ఉన్న పేర్లు మొండి, పొగరు, తిక్క. అర్థంకాని పిల్లని వాటిలో ఏదో ఒక దాంట్లో పడేసి, మా పని మేం చూసుకునేవాళ్ళం.

ఇది తొంభైల చివరి సంగతి. గన్నవరం దగ్గర, ఏలూరు కాలువ గట్టుని ఆనుకుని ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ఉండేది. నేను అక్కడ వార్డెన్ని. మా ఇల్లు భవానీపురంలో. మా వారికి కొండపల్లి అవతల థర్మల్ స్టేషన్లో షిఫ్టు డ్యూటీలు. ఆయన పగలు నిద్రపోయేవారు, నేను ఊరుకాని ఊళ్ళో పరాయి పిల్లల్ని నిద్రలేపేదాన్ని. "మనిద్దరం ఒకే వేళకి మెలకువగా ఉంటే అది పండగే," అని ఆయన వేళాకోళం చేసేవారు.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగా కళ్ళలో కదిలేది తెల్లవారుజాము స్టడీ అవరు. చలికాలంలో కాలువ మీది మంచు గట్టెక్కి, గేటు దాటి, వరండాల్లోకి వచ్చేసేది. ట్యూబులైట్ల చుట్టూ తెల్లగా పొగలా ఉండేది. ఆ పొగలో వరసగా కూర్చున్న ఆడపిల్లలు, తలకి తువ్వాళ్ళు చుట్టుకుని, సగం నిద్రలో ఫార్ములాలు గొణుగుతూ ఉండేవారు. ఆ గొణుగుడు వింటూ నడుస్తుంటే నేను కూడా నిద్రలోనే నడుస్తున్నానేమో అనిపించేది. ఇప్పటికీ కొన్ని తెల్లవారుజాముల్లో మెలకువ వస్తే, ఆ చప్పుడు కోసం కాసేపు చెవులు రిక్కిస్తాను.

ఆ పిల్ల వచ్చింది జూలై వానల్లో. కైకలూరు అవతల కొల్లేటి లంకల్లోంచి వచ్చింది. తండ్రి సరస్సులో చేపలు పడతాడు, బెజవాడ వెళ్ళే లారీలకి సరుకు ఎక్కిస్తాడు. టెన్త్‌లో బాగా మార్కులు వచ్చాయని బడి మాస్టర్లు చెబితే, ఇంజనీరుని చేయాలని తీసుకొచ్చి చేర్పించాడు. పిల్ల పిలిస్తే పలకదు. ముఖంలోకి చూడదు. మెస్సులో కూరలన్నీ పక్కకి నెట్టేసి అన్నమూ పెరుగూ తింటుంది, అదీ రెండూ కలపకుండా. స్టడీ అవర్లో ముందుకీ వెనక్కీ ఊగుతూ చదువుతుంది. బెల్లు మోగితే రెండు చేతులతో చెవులు మూసుకుంటుంది. "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అంటే గోడకేసి చూస్తుంది. "ఇంటి మీద బెంగా?" అంటే మళ్ళీ అదే గోడ. ఆఖరికి "అన్నం తిన్నావా?" అన్నదానికి కూడా జవాబు లేదు. ముందు పొగరు అనుకున్నాను. వారం తిరక్కుండానే మొండి అనుకున్నాను. ఇంకొన్నాళ్ళు పోతే మూడోది కూడా అనుకునేదాన్నే.

ఒక సాయంత్రం హాజరు తీసుకున్నాక, అలవాటు ప్రకారం గట్టిగా చెప్పాను: "రేపు సోమవారం. పొద్దున్నే ఇడ్లీ. ఆలస్యంగా వస్తే చట్నీ ఉండదు."

వెనక వరసలోంచి ఒక గొంతు స్పష్టంగా వినిపించింది. "రేపు మంగళవారం. ఉప్మా."

అందరూ వెనక్కి తిరిగారు. ఆ పిల్లే. గోడతో చెప్పినట్టు చెప్పి ఊరుకుంది. నిజంగానే మర్నాడు మంగళవారం. వార్డెన్‌ని అందరి ముందూ సరిదిద్దితే కోపం రావాలి కదా, నాకు నవ్వొచ్చింది. అన్ని వారాల్లో ఆమె నోట నేను విన్న మొదటి మాట అది. ఆ ఉప్మా కబురు విని నేనంత సంతోషపడతానని ఎవరూ అనుకుని ఉండరు.

మర్నాడు ఆరేసిన బట్టలు తీసుకుంటుంటే పక్కకి వెళ్ళి నిలబడ్డాను. "కొల్లేరంతా ఉప్పునీళ్ళే," అన్నాను ఊరికే.

"మంచినీళ్ళు," అంది.

ప్రశ్న వేస్తే ఆమెకి ఎక్కడో దారి మూసుకుపోయేది. ఎందుకో నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడు పూర్తిగా తెలుసని కూడా అనను. కానీ తప్పు మాట వినిపిస్తే మాత్రం ఆమె ఊరుకోలేదు, దాన్ని దిద్దాల్సిందే. ఒప్పు మాటకి దిద్దాల్సిన పనిలేదు గనక మౌనంగా ఉండిపోతుంది. అలా మా ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. నేను ఏదో ఒకటి అంటాను. తప్పయితే దిద్దుతుంది. ఏమీ అనకపోతే అవునని అర్థం. చెవులు మూసుకుని ఉంటే మాత్రం ఆ మౌనం లెక్కలోకి రాదు, అప్పుడు ఆమెని కదపకూడదు. ఈ కొద్దిపాటి వ్యాకరణం పట్టుబడటానికి నాకు వర్షాకాలమంతా పట్టింది.

సాయంత్రాలు డాబా మీద నడిచేవాళ్ళం. కింద కాలువలో గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకుపోతుండేది. ఆమె దాన్ని చూస్తూ నడిచేది. నేను పక్కన తప్పులు మాట్లాడుతూ నడిచేదాన్ని.

"గూడబాతులు నీళ్ళ మీదే నిద్రపోతాయి."

"చెట్ల మీద."

"మీ నాన్న దోనెకి తెడ్డు వేస్తాడు."

"గెడ. లోతు లేదు."

"తెల్లారగట్ల సరస్సు మీద ఏ చప్పుడూ ఉండదు."

ఆ మాటకి మేం డాబా చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. అప్పుడు చెప్పింది. "ఉంటుంది. గెడ పైకి తీసినప్పుడు బొట్లు పడతాయి."

నేను అప్పటికి కొల్లేరు చూడలేదు. ఆమె దిద్దుబాట్లతోనే అది నా కళ్ళకి కట్టింది. మసక వెలుతురు, నీళ్ళలోంచి లేచే వెదురు గెడ, దాని కొస నుంచి జారే బొట్లు, ముందు కూర్చుని ఊగుతూ పాఠం చెప్పుకుంటూ బడికి వెళ్ళే ఒక చిన్నపిల్ల. ఆ సాయంత్రాలు నాకు చాలా ఇష్టంగా ఉండేవి. జీతం తీసుకుంటూ అంత హాయిగా ఉండటం తప్పేమో అని కూడా అనిపించేది.

ఈ సంగతి నేను ఒక్కరికే చెప్పాను. ఫిజిక్స్ చెప్పే జూనియర్ లెక్చరర్ ఉండేవారు, నా తమ్ముడి వయసు. వాళ్ళ కుటుంబానికి వన్‌టౌన్‌లో అత్తరు కొట్టు. ఆయన వరండాలోంచి వెళ్ళాక కూడా కాసేపు సువాసన ఉండిపోయేది, పిల్లలు దాన్ని బట్టి ఫిజిక్స్ క్లాసు అయిందో లేదో చెప్పేవారు. ఆయన అంతా విని, "అయితే నేను కూడా తప్పులు చేస్తాను మేడమ్ గారూ," అన్నారు. ఆ రోజు నుంచి ఆమె పుస్తకంలో లెక్కని మొదలుపెట్టి, మధ్యలో ఒక మెట్టు తప్పు వేసి ఇచ్చేవారు. ఆమె తప్పు దిద్ది, ఆగకుండా చివరిదాకా చేసేది. ప్రశ్నలా కనిపించినప్పుడు ముట్టని లెక్కే, తప్పులా కనిపిస్తే ఇట్టే అయిపోయేది. కొన్నాళ్ళకి ప్రశ్నాపత్రం చూసినా ఆమెకి అలాగే చేయడం అలవాటైంది. మార్కులు అమాంతం పెరిగాయి. మేమిద్దరం గాల్లో తేలిపోయాం.

అక్కడే దెబ్బతిన్నాం. ఎలాగో చెప్పాలంటే మా కాలేజీ ఆచారం ఒకటి చెప్పాలి. నెలకో పరీక్ష జరిగేది. మార్కుల్ని బట్టి సెక్షన్లు మారేవి. మార్కులు పెరిగిన పిల్ల పై సెక్షనుకి, తగ్గిన పిల్ల కింది సెక్షనుకి. సెక్షనుతో పాటు క్లాసు గది, బెంచీ, మంచం, పక్క మంచంలో పిల్ల, అన్నీ మారిపోయేవి. ఫలితాలు వచ్చిన రోజు హాస్టలంతా ట్రంకు పెట్టెలూ పరుపు చుట్టలూ మోసుకుంటూ అటూ ఇటూ తిరిగేది. ఆ పిల్ల మార్కులు అంతవరకూ అటూ ఇటూ కాకుండా ఉండి, ఆమెని చేరిన చోటనే ఉంచాయి. ఇప్పుడు ఒక్కసారిగా టాప్ సెక్షను వచ్చింది.

కబురు నేనే చెప్పాను. "టాప్ సెక్షనమ్మా!" అని భుజం తట్టి, ఆమె పెట్టె నేనే ఎత్తుకుని కింది అంతస్తుకి దించాను. ఆమె నా వెనక మెట్లన్నీ చెవులు మూసుకుని దిగింది. బెల్లు మోగుతోందేమో అనుకున్నాను. ఏ బెల్లూ మోగడం లేదు.

ఆ తర్వాత ఆమె డాబా మీదికి రాలేదు. గురువారం నాడు పక్కన కూర్చుని "ఇవాళ ఆదివారం" అన్నాను. దిద్దలేదు. నాకు చాలా భయం వేసింది. అన్నమూ పెరుగూ కూడా మానేసింది. తర్వాతి నెల పరీక్షలో పేపరు మీద తన పేరు తప్ప ఇంకేమీ రాయలేదు. మా లెక్చరర్ ఆ తెల్ల కాగితం పట్టుకుని వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూలబడ్డారు. రూలు ప్రకారం ఆమెని చివరి సెక్షనుకి పంపారు. అంటే ఇంకో గది, ఇంకో బెంచీ, ఇంకో మంచం. ప్రిన్సిపాల్ గారు తండ్రికి కబురు పెట్టారు, వచ్చి టీసీ తీసుకుని పిల్లని తీసుకెళ్ళమని.

తండ్రి వచ్చే ముందు రోజు సాయంత్రం, ఆమె తన పెట్టె మీద చెవులు మూసుకుని కూర్చుని ఉంది. నేను కింద నేల మీద కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకుండా కూర్చోవడం కూడా ఉద్యోగమేనని ఆ రోజే తెలిసింది. కిటికీలో వెలుతురు పసుపు నుంచి బూడిద రంగుకి మారింది. మెల్లగా ఆమె చేతులు ఒడిలోకి దిగాయి.

"నీకు ఫిజిక్స్ రాక రాయలేదు," అన్నాను.

"వచ్చు."

ఆ ఒక్క మాటకే నాకు కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. తుడుచుకుని, "భయమేసి రాయలేదు," అన్నాను.

"కాదు."

"పై సెక్షనులో పిల్లలు ఏడిపించారు."

"కాదు."

నా దగ్గర తప్పులు అయిపోయాయి. తప్పో ఒప్పో నాకే తెలియని మాట ఒకటి అన్నాను. "మార్కులు రాకపోతే పాత చోటికి పంపిస్తారనుకున్నావు."

మౌనం. చేతులు ఒడిలోనే ఉన్నాయి.

"పాత బెంచీ ఏం బాగుండేది కాదు."

"బాగుండేది," అంది వెంటనే. "కాలువ కనపడేది."

అప్పుడు గుర్తొచ్చింది. టాప్ సెక్షను కిటికీ అద్దాలకి ఆకుపచ్చ రంగు వేయించారు, ర్యాంకులు తెచ్చే పిల్లల చూపు పక్కకి పోకూడదని. ఆమెకి మేమిచ్చిన బహుమతి అది. నాకు అంతా తేటతెల్లమైపోయినట్టు అనిపించింది. పాత బెంచీ తిరిగి ఇప్పిస్తే చాలు, పిల్ల నిలబడుతుంది. మెస్సుకి వెళ్ళి కడుపునిండా తిన్నాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదిలో తండ్రి నిలబడే ఉన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మెడ చుట్టూ తువ్వాలు, చేతిలో సంచి. పిల్ల గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి ఉంది. నేనూ మా లెక్చరరూ తలుపు పక్కన నిలబడ్డాం.

"తెల్ల కాగితం ఇచ్చిందయ్యా మీ అమ్మాయి. ఇలాగైతే మేం పెట్టుకోలేం," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఇంటికాడ బానే సదివేదండి. ఏదో అయ్యుంటదండి. ఈ ఒక్కసారికి సూడండయ్యా," అన్నాడు తండ్రి. లంకల్లోంచి ఇంజనీరింగు దాకా వెళ్ళిన పిల్ల వాళ్ళ వైపు ఇంకా ఎవరూ లేరు.

"ఎందుకు రాయలేదమ్మా?" అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. జవాబు లేదు. "చూశారా!" అన్నారు నా వైపు తిరిగి.

"ఈ అమ్మాయికి ఫిజిక్స్ రాదు సార్," అన్నాను.

తండ్రి మొహం మాడిపోయింది. నేను తన పక్షమనుకుని వచ్చాడు పాపం.

"వచ్చు," అంది పిల్ల.

ప్రిన్సిపాల్ గారి పెన్ను ఆగింది. మా లెక్చరర్ గొంతు సవరించుకుని, "గాలిలోంచి నీళ్ళలోకి ఏటవాలుగా వెళ్ళినా కాంతి వంగదు సార్," అన్నారు, ఎంతో గంభీరంగా.

"వంగుతుంది. గెడ విరిగినట్టు కనపడేది అందుకే."

"టాప్ సెక్షను గదిలోంచి కాలువ బాగా కనపడుతుంది," అన్నాను.

"కనపడదు. అద్దాలకి రంగు వేశారు."

ఆ రంగు వేయించింది ప్రిన్సిపాల్ గారే. ఆయన చెడ్డవారు కాదు. పెన్ను మూత పెట్టి, కాసేపు పిల్లని చూసి, "ఇంతేనా దీనికి? పాత బెంచీ ఇచ్చేయండి. పాత మంచం కూడా. మార్కులు ఎన్నొచ్చినా ఇక కదపకండి," అన్నారు. తండ్రి చేతులెత్తి దండం పెట్టాడు. మా లెక్చరర్ నా వైపు చూసి చిన్నగా నవ్వారు. నేను గెలిచాను. ఆ ఊపులో, చివరిగా ఇంకొక్క తప్పు చెప్పి పిల్ల చేత "కాదు" అనిపించాలని సరదా పుట్టింది.

"ఈమెకి ఇంటికి వెళ్ళిపోవాలనుంది సార్," అన్నాను నవ్వుతూ.

ఆమె ఏమీ అనలేదు.

ఫ్యాను తిరుగుతోంది. క్యాలెండరు కాగితం లేచి పడుతోంది. నేను ఆమె చేతుల వైపు చూశాను. చెవుల మీద లేవు. మామూలుగా కిందికి ఉన్నాయి. ఆమె వింది. దిద్దాల్సిందేమీ కనపడలేదు, అంతే. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మా లెక్చరర్ మొహంలో నవ్వు కూడా మెల్లగా పోయింది. ఆ గదిలో ఆ మౌనానికి అర్థం తెలిసింది మా ఇద్దరికే.

"ఇంకేం, మాట్లాడటం లేదంటే ఇష్టమేనన్నమాట. క్లాసుకి పంపండి," అని ప్రిన్సిపాల్ గారు ఫైలు మూశారు.

నేను కూడా ఊరుకోవచ్చు. ఊరుకుంటే తండ్రి సంతోషంగా లంకకి వెళ్తాడు, కాలేజీకి ర్యాంకు దక్కుతుంది, సాయంత్రాలు డాబా మీద నాకు తోడుంటుంది. పాత బెంచీతో పిల్ల ఎలాగో నెట్టుకొచ్చేది కూడానేమో. ఇన్నాళ్ళూ ఆమెతో అన్ని తప్పులు మాట్లాడాను గానీ, ఈ ఒక్క మాట అనాలని తోచలేదు. హాస్టల్లో ఉండాలనుందా అని మేం ఏ పిల్లనీ అడిగేవాళ్ళం కాదు. చేర్చాక ఉండటమే. నాకు ఆమెని వదలాలని లేదు. ఆ మాట నిజంగా చెబుతున్నాను.

"నీకు ఇక్కడే ఉండాలనుంది," అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా.

"లేదు," అంది.

తండ్రి సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మరి సదువో అమ్మా? సదువు ఆగిపోద్దా?" అన్నాడు. ప్రశ్న కాబట్టి ఆమె పలకలేదు. అతను నా వైపు చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అతని బదులు నేనే అన్నాను. "ఇంటికి వెళ్తే పుస్తకం ముట్టవు."

"ముడతాను. దోనెలో చదువుతాను."

"పబ్లిక్ పరీక్షలు రాయవు."

"రాస్తాను."

"ఇంట్లో ఈ మాత్రం మాటలు కూడా రావండి మా యమ్మాయికి," అన్నాడు తండ్రి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. కూతురి వైపు కొత్తగా చూశాడు. తర్వాత మెల్లగా, "సరేనమ్మా. ఎల్దాం," అన్నాడు.

పేరు కాలేజీలోనే ఉంచుతాననీ, పరీక్షలకి మా తరఫునే పంపుతాననీ ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. ర్యాంకు వస్తే ఫోటో మన బోర్డు మీదే ఉంటుంది కదా అని ఆయన లెక్క ఆయనకుంది. తప్పులు వేసిన లెక్కల కాగితాలు పంపుతానని మా లెక్చరర్ అన్నారు. "మా చేపల లారీ రోజూ ఈ రోడ్డు మీదనే బెజవాడ పోద్దండి. డ్రైవరుకిస్తే సాలు," అన్నాడు తండ్రి. ఆ ఏడాదంతా కాగితాలు అలాగే వెళ్ళాయి, దిద్దుకుని తిరిగి వచ్చాయి. అత్తరు కొట్టు అబ్బాయి చేతులు చేపల వాసన కొడుతున్నాయని స్టాఫ్ రూములో అందరూ ఏడిపించేవారు. ఆయన వాసన చూసుకుని మురిసిపోయేవారు. పిల్ల అన్నట్టే పరీక్షలు రాసింది. మార్కులెన్ని అని మీరు అడుగుతారని తెలుసు. దాని కోసం కాదు నేను ఇదంతా చెప్పింది.

ఆ రోజు వాళ్ళని బస్సెక్కించడానికి రోడ్డు దాకా వెళ్ళాను. మధ్యాహ్నం ఎండకి కాలువ నీళ్ళు కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఉన్నాయి. ఆమె మామూలుగానే గుర్రపుడెక్కని చూస్తూ నిలబడింది. ఆమెతో ఇంకేం మాట్లాడాలో నాకు తోచలేదు. తప్పుగానైనా సరే, ఏదీ నోటికి రాలేదు. హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. తండ్రి పెట్టె పైకెక్కించి, లోపలి నుంచి పిలుస్తున్నాడు. ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది.

"మేడమ్ పరీక్షలకి రారు," అంది, బస్సు టైరు వైపు చూస్తూ.

నాకు బాధ కలిగింది. ఇంత చేశాక ఈ పిల్ల నా గురించి ఇలాగా అనుకునేది అనిపించింది. ఆమె తనంతట తాను నాతో మాట మొదలుపెట్టడం అదే మొదటిసారని కూడా తట్టలేదు. "ఎక్కమ్మా, టైమైపోతోంది," అని కండక్టరు అరిచాడు. ఆమె ఎక్కలేదు. అక్కడే నిలబడి ఉంది. చేతులు కిందికి ఉన్నాయి. నేను ఏదైనా దిద్దుతానేమోనని చూస్తోంది.

"వస్తాను," అన్నాను.

అప్పుడు ఎక్కింది.